లాంచర్ చేసే పనులను చేత్తో చేసి చూడటం: ఒక ప్రాజెక్టు డైరీ

ఏం చేయాలనుకున్నాను

పీసీలో ఆటలు ఆడేవారికి స్టీమ్, ఎపిక్ వంటి లాంచర్ (ఖాతాతో లాగిన్ అయి, కొన్న ఆటలను దింపుకుని తెరిచే ప్రోగ్రాము) నిజంగా అవసరమా, లేక సెటప్ ఫైలు చేతిలో ఉంటే సరిపోతుందా అన్న ప్రశ్నకు ఎవరి ఇష్టాన్ని బట్టి వారు జవాబు చెప్పుకోవచ్చు. నేను ఆ ప్రశ్నను ఒక పనిగా మార్చి చూడదలచుకున్నాను. లాంచర్ మన తరఫున చేసే పనులన్నింటినీ ముందు రాసుకున్నాను: ఆటను దింపడం, ఇన్‌స్టాల్ చేయడం, దానికి కావలసిన విండోస్ భాగాలను జతచేయడం, సేవ్‌లను (ఆటలో ఎంతవరకు వచ్చామో నమోదయ్యే ఫైళ్లను) భద్రపరచడం, అప్‌డేట్లు తేవడం, స్నేహితులతో కలపడం, అన్నిటికీ ముందు మనం ఆ ఆటను కొన్నామో లేదో సరిచూడటం. వీటిలో ప్రతి పనినీ లాంచర్ తెరవకుండా, ఉచితంగా దొరికే ఉపకరణాలతో చేసి, ఏది తేలికగా అయిందో, ఏది కష్టపెట్టిందో, ఏది అసలు సాధ్యం కాలేదో నమోదు చేయడమే ఈ ప్రాజెక్టు.

దీని వెనుక ఒక అవసరం కూడా ఉంది. హైదరాబాదులో నేనుండే చోట ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ ఉంది. జంగారెడ్డిగూడెం దగ్గరి మా ఊరి ఇంట్లో మాత్రం మంచి కంప్యూటరే ఉన్నా, ఇంటర్నెట్ అంటే రోజుకు 1.5 జీబీ ఇచ్చే ఫోన్ ప్యాకు హాట్‌స్పాటే. 50 జీబీ ఆటను ఆ ప్యాకు మీద దింపాలంటే నెల దాటుతుంది. కాబట్టి నేను కొనుక్కున్న ఆటలన్నీ ఒక బయటి హార్డ్ డిస్కులో ఉండాలి, ఊరి కంప్యూటర్‌లో ఇంటర్నెట్ లేకుండానే ఇన్‌స్టాల్ కావాలి, ఆడటం ఎప్పుడూ ఆగకూడదు. ఇదీ లక్ష్యం.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేసుకోవడం అవసరం. స్టీమ్ 2003 సెప్టెంబరులో వచ్చింది, దాదాపు దానితోపాటే కౌంటర్ స్ట్రైక్ 1.6 కూడా వచ్చింది. మరుసటి ఏడాది నవంబరులో హాఫ్ లైఫ్ 2 విడుదలైనప్పుడు, దుకాణంలో డిస్కు కొన్నవారు సైతం స్టీమ్ ఖాతా తెరవక తప్పలేదు. మన ఊళ్లలోని నెట్ కేఫుల్లో మాత్రం అదే 1.6 ఏ ఖాతా లేకుండా, ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు కాపీ అయిన ఫోల్డర్‌గానే చాలా ఏళ్లు నడిచింది. ఆ కాపీలు కొన్నవి కావు, నేను వాటిని సమర్థించడం లేదు. ఈ ప్రాజెక్టులో ఉన్నవన్నీ డబ్బు పెట్టి కొన్న ఆటలే. అయితే ఆట అంటే డిస్కులో ఉండే ఒక ఫోల్డర్ అని, దాన్ని ఎక్కడికైనా తీసుకుపోవచ్చని మా తరానికి బలంగా అనిపించడానికి ఆ కేఫులే కారణం.

దింపడం

మొదటి దశకు జీఓజీని ఎంచుకున్నాను. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ 2008లో మొదలుపెట్టిన ఈ దుకాణంలో, కొన్న ప్రతి ఆటకూ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌ను బ్రౌజర్‌లోనే దింపుకోవచ్చు. గెలాక్సీ అనే లాంచర్ వారికీ ఉంది కానీ, దాన్ని వాడితీరాలన్న నియమం లేదు. స్టార్‌డ్యూ వ్యాలీ వంటి చిన్న ఆట ఒకే సెటప్ ఫైలుగా వస్తుంది. ది విచర్ 3 వంటి పెద్ద ఆటకు ఒక చిన్న సెటప్ ఫైలు, దాని వెంట వరుస సంఖ్యలున్న బిన్ ఫైళ్లు వస్తాయి. ఒక్కొక్కటి 4 జీబీకి లోపే ఉంటుంది. పాత పెన్‌డ్రైవ్‌లలో వాడే ఫ్యాట్32 పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి, ఇలా ముక్కలుగా ఉండటం మోసుకెళ్లేవారికి ఎంతో ఉపయోగం.

ముక్కలన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, ఒక్కటి లేకపోయినా ఇన్‌స్టాలర్ మధ్యలో ఆగి దాన్ని అడుగుతుంది. లాంచర్ అయితే దింపిన ప్రతి భాగాన్నీ తానే సరిచూసుకుంటుంది. ఆ పనిని నేను విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ ఆదేశంతో చేశాను. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 సంకేతాన్ని (ఫైలులో ఏ కొంచెం తేడా వచ్చినా మారిపోయే వేలిముద్ర లాంటిదాన్ని) తీసి ఒక టెక్స్ట్ ఫైలులో రాసి, డిస్కులోకి కాపీ అయిన తర్వాత మళ్లీ తీసి పోల్చాను. ఒక్కసారి చిన్న బ్యాచ్ ఫైలు (ఆదేశాలను వరుసగా నడిపే టెక్స్ట్ ఫైలు) రాసుకుంటే మిగిలినదంతా యంత్రమే చూసుకుంటుంది. ఈ దశలో లాంచర్ లేని లోటు నాకు కనబడలేదు.

ఇంటర్నెట్ లేని యంత్రంపై ఇన్‌స్టాల్ చేయడం

పరీక్ష కఠినంగా ఉండాలని, విండోస్ 10ను కొత్తగా ఎక్కించిన కంప్యూటర్‌కు నెట్ కేబుల్ తీసేసి ఈ పని చేశాను. ఇన్‌స్టాలర్‌ను మామూలుగా నడిపినప్పుడు ప్రతి ఆటా ఎక్కింది, నడిచింది. ఆ తర్వాత, ఇన్‌స్టాలర్ లోపల నిజంగా ఏం చేస్తుందో తెలుసుకోవడానికి మరో దారిలో వెళ్లాను. జీఓజీ ఇన్‌స్టాలర్లు ఇన్నో సెటప్ అనే ఉచిత ఉపకరణంతో తయారవుతాయి. ఇన్నోఎక్స్‌ట్రాక్ట్ అనే మరో ఉచిత ఉపకరణంతో, ఇన్‌స్టాలర్‌ను నడపకుండానే దానిలోని ఫైళ్లను బయటికి తీయవచ్చు. అలా బయటికి తీసిన ఫోల్డర్‌ల నుంచి ఆటలను నేరుగా తెరిచి చూశాను.

కొన్ని ఏ ఇబ్బందీ లేకుండా తెరుచుకున్నాయి. ఒక ఆట మాత్రం తెరవగానే వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ కనబడలేదన్న సందేశం చూపి ఆగిపోయింది. పీసీలో ఆటలు ఆడేవారిలో ఈ పేరు చూడనివారు అరుదు. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్‌లో తయారైన ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఉమ్మడి ఫైళ్లలో ఇదొకటి. ఇన్‌స్టాలర్ అయితే ఆట ఫైళ్లతోపాటు వీటినీ నిశ్శబ్దంగా ఎక్కిస్తుంది. స్టీమ్ కూడా మొదటిసారి ఆటను తెరిచేటప్పుడు ఇదే పని చేస్తుంది. అప్పుడు తెరమీద కనిపించే మొదటి ఏర్పాట్ల పెట్టె దీనికోసమే. నేను మైక్రోసాఫ్ట్ ఇచ్చే విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీలను, పాత ఆటలకు కావలసిన 2010 జూన్ నాటి డైరెక్ట్‌ఎక్స్ ప్యాకేజీని డిస్కులో ఒక ఫోల్డర్‌గా పెట్టాను. వాటిని ఎక్కించాక, ఆగిపోయిన ఆట తెరుచుకుంది.

ఈ దశ నాకు ముఖ్యమైనదిగా తోచింది. బాగా తయారైన ఇన్‌స్టాలర్ ఒక జిప్ ఫోల్డర్ కన్నా ఎంతో ఎక్కువ పని చేస్తుంది, ఆ పని మొత్తాన్ని ఏ సర్వర్‌నూ అడగకుండా చేయగలదు. లాంచర్ ఉంటేనే ఆటలు సక్రమంగా ఎక్కుతాయన్న వాదన ఇక్కడ నిలవలేదు.

ఇన్‌స్టాలర్ అన్న పేరు చూసి మోసపోకూడదన్నది కూడా ఇక్కడే రాసి ఉంచుతున్నాను. కొన్ని సంస్థలు ఇచ్చే సెటప్ ఫైలు కొన్ని మెగాబైట్లే ఉంటుంది, నడిపిన తర్వాత అది లాంచర్‌ను దింపుతుంది, లాంచర్ ఆటను దింపుతుంది. అది ఇన్‌స్టాలర్ రూపంలో ఉన్న లాంచరే.

సేవ్‌లు

లాంచర్లను ఇష్టపడేవారు ముందుగా చెప్పేది క్లౌడ్ సేవ్ (సేవ్‌లను లాంచర్ తన సర్వర్‌లో దాచి, ఏ కంప్యూటర్‌కైనా తేవడం) గురించే, అది న్యాయమైన మాట. దాన్ని చేత్తో చేయడంలో మొదటి చిక్కు, సేవ్ ఎక్కడుందో తెలియకపోవడం. విచర్ 3 సేవ్‌లు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి, బాల్డర్స్ గేట్ 3 సేవ్‌లు విండోస్ దాచి ఉంచే యాప్‌డేటా ఫోల్డర్ లోపల, ఆ ఆట తయారీ సంస్థ లారియన్ పేరున్న ఫోల్డర్‌లో ఉంటాయి, ఇంకొన్ని ఆటలు తమ సొంత ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. స్టార్‌డ్యూ వ్యాలీ ఫోల్డర్‌ను తెరిచి చూస్తే ఆటగాడి పేరు, దాని పక్కన ఒక పొడవైన సంఖ్య ఉన్న ఫోల్డర్ కనిపిస్తుంది. దానిలో అదే పేరున్న ఫైలు, సేవ్‌గేమ్‌ఇన్ఫో అనే ఫైలు, ఆ రెండింటికీ ఓల్డ్ అన్న తోక తగిలించిన ముందటి రోజు ప్రతులు ఉంటాయి. ఎవరూ అడగకుండానే ముందటి రోజు ప్రతిని దాచి ఉంచిన ఆ ఆట రచయితపై నాకు గౌరవం కలిగింది.

ఏ ఆట సేవ్‌లు ఎక్కడ ఉంటాయో పీసీగేమింగ్‌వికీలో ఔత్సాహికులు ఏళ్ల తరబడి నమోదు చేస్తున్నారు. ఆ వివరాలను ఆధారం చేసుకుని పనిచేసే లూడుసావి అనే ఉచిత ఉపకరణం, కంప్యూటర్‌లోని సేవ్‌లన్నింటినీ వెతికి ఒకే చోటికి కాపీ చేస్తుంది, అవసరమైనప్పుడు తిరిగి వాటి స్థానాల్లో పెడుతుంది. బ్యాకప్ ఫోల్డర్‌ను హార్డ్ డిస్కులోనే ఉంచాను. హైదరాబాదులో ఆడిన ఆటను ఊళ్లో కొనసాగించడం, తిరిగి రావడం రెండూ సక్రమంగా జరిగాయి. క్లౌడ్‌లో ఉన్న సౌకర్యం ఇందులో లేనిది ఒక్క విషయంలోనే: రెండు చోట్లా విడివిడిగా ఆడి ఉంటే, ఏ సేవ్ కొత్తదో, ఏది ఉంచుకోవాలో లాంచర్ అడుగుతుంది, ఇక్కడ ఆ నిర్ణయాన్ని మనమే గుర్తుంచుకుని తీసుకోవాలి.

అప్‌డేట్లు: అసలు కష్టం ఇక్కడే

లాంచర్‌కు నేను మనస్ఫూర్తిగా విలువ ఇచ్చేది ఈ పనిలోనే. స్టీమ్‌లో ఫైళ్లను పంపే స్టీమ్‌పైప్ అనే ఏర్పాటు ప్రతి ఫైలునూ సుమారు 1 ఎంబీ ముక్కలుగా విడగొడుతుంది, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మారిన ముక్కలను మాత్రమే దింపుతుంది. అందుకే ఆటల తయారీదారులకు స్టీమ్ యజమాని వాల్వ్ ఇచ్చే సూచనల్లో, పెద్ద ప్యాక్ ఫైళ్లలోని అంశాల వరుసను అనవసరంగా మార్చవద్దని ప్రత్యేకంగా ఉంటుంది. వరుస మారితే ముక్కలన్నీ మారినట్లే లెక్క, ఆడేవారు మొత్తం మళ్లీ దింపుకోవలసి వస్తుంది. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌తో అయితే, విడిగా ప్యాచ్ ఫైలు (మారిన భాగాలు మాత్రమే ఉండే ఫైలు) ఇవ్వనంతవరకు, చిన్న సవరణ కోసం కూడా మొత్తం ఇన్‌స్టాలర్‌ను మళ్లీ తెచ్చుకోవాలి. డిస్కులో 150 జీబీ ఖాళీ అడిగే బాల్డర్స్ గేట్ 3 వంటి ఆటకు విడుదలైన తర్వాత పెద్ద ప్యాచ్‌లు వరుసగా వచ్చాయి. అటువంటి ఆటను ప్రతిసారీ మొత్తంగా దింపుకోమనడం మన డేటా ప్యాకులున్న చోట ఆడవద్దని చెప్పడంతో సమానం.

ఈ పనిని చేత్తో చేయవచ్చా అన్నది ప్రాజెక్టులో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించిన భాగం. ఇచ్ డాట్ ఐఓ అనే స్వతంత్ర ఆటల దుకాణం, తయారీదారుల కోసం బట్లర్ అనే ఉపకరణాన్ని మూలకోడ్‌తో సహా విడుదల చేసింది. దానిలో ఒక ఆదేశానికి పాత ఫోల్డర్‌నూ కొత్త ఫోల్డర్‌నూ చూపిస్తే రెండింటికీ ఉన్న తేడాను ఒక ప్యాచ్ ఫైలుగా ఇస్తుంది. మరో ఆదేశంతో ఆ ప్యాచ్‌ను ఇంకో యంత్రంలోని పాత ఫోల్డర్‌కు పట్టించవచ్చు. ఈ రెండు ఆదేశాలకూ ఖాతా అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

హైదరాబాదులో కొత్త ఇన్‌స్టాలర్‌ను మొత్తంగా దింపి, విడిగా ఎక్కించి, పాత ఫోల్డర్‌తో పోల్చి ప్యాచ్ తయారు చేశాను. స్టార్‌డ్యూ వ్యాలీ విషయంలో ఆ ప్యాచ్ ఫోన్‌లో పంపగలిగేంత చిన్నదిగా వచ్చింది. ఊళ్లో ఉన్న మా మేనల్లుడికి దాన్ని పంపి, ఏం చేయాలో ఫోన్‌లో చెప్పాను. బట్లర్ ముందు మారవలసిన ఫైళ్లను ఒక పక్క ఫోల్డర్‌లో సిద్ధం చేసి, ఆ తర్వాత వాటిని అసలు స్థానానికి చేర్చింది. ఆట తెరవగానే మొదటి తెరపై కొత్త వెర్షన్ సంఖ్య కనిపించింది. "మావయ్యా, ఆటలో కొత్త నంబరే ఉంది, కంట్రోల్ ప్యానెల్లో మాత్రం పాతదే ఉంది" అన్నాడు వాడు. వాడు గమనించింది సరైనదే. ఫోల్డర్‌లోని ఫైళ్లు మారాయి గానీ, విండోస్ తన వివరాలు రాసుకునే రిజిస్ట్రీలో ఇన్‌స్టాలర్ రాసిన సంఖ్యను మార్చేవారు లేరు. ఆడటానికి దానితో ఇబ్బంది లేదు.

మరో పెద్ద ఆటకు ఇదే పని చేసినప్పుడు ప్యాచ్ దాదాపు ఆటంత పెద్దదిగా వచ్చింది. దాని ప్యాక్ ఫైళ్లు లోపల మొత్తంగా తిరిగి అమర్చబడ్డాయన్నమాట. ఇలాంటి ఆటలకు ఏ లాంచర్ వాడినా పెద్ద అప్‌డేట్ తప్పదు, ఎందుకంటే కారణం ఆట తయారైన తీరులోనే ఉంది.

ఈ దశ నాకు చూపించినదాన్ని స్పష్టంగా రాస్తాను. మారిన భాగాన్ని మాత్రమే తేవడమన్నది లాంచర్ చేసే పనుల్లోకెల్లా విలువైనది, కానీ ఆ పనికి లాగిన్‌తో సాంకేతికంగా ఏ సంబంధమూ లేదు. అమ్మకందారులు ఆ రెండింటినీ ఒకే ప్రోగ్రాములో కట్టి ఇస్తున్నారు కాబట్టి, అప్‌డేట్ కావాలనుకున్నవారు అనుమతి అడిగే ఏర్పాటునూ ఒప్పుకోవలసి వస్తోంది. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ పక్కనే ప్రతి వెర్షన్‌కూ ఒక ప్యాచ్ ఫైలును క్రమం తప్పకుండా ఇస్తే, నేను ఇంట్లో చేసిన ఈ శ్రమ ఎవరికీ అక్కర్లేదు.

స్టీమ్ ఆటలను నేరుగా తెరవడం

స్టీమ్‌లో ఉన్నవన్నీ తాళం వేసినవే అనుకోవడం పొరపాటు. స్టీమ్ డీఆర్ఎం (కొన్నవారే ఆడుతున్నారా అని సరిచూసే తాళం) వాడాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టం. అది ఒక్కటే పైరసీని ఆపలేదని వాల్వ్ తన సూచనల్లోనే చెబుతుంది. స్టీమ్‌యాప్స్ ఫోల్డర్‌లోని కామన్ అనే ఫోల్డర్‌ను డిస్కులోకి కాపీ చేసి, స్టీమ్ లేని కంప్యూటర్‌లో ఆటలను నేరుగా తెరిచి చూశాను. కొన్ని పూర్తిగా నడిచాయి, కొన్ని వెంటనే స్టీమ్‌ను వెతికి ఆగిపోయాయి. కొనేముందు ఏది ఏ రకమో స్టీమ్ పేజీ నుంచి తెలుసుకోవడం కష్టం, పీసీగేమింగ్‌వికీయే దిక్కు.

స్టీమ్ వాడేవారికి ఊళ్లో పనికొచ్చే దారులు వేరే ఉన్నాయి. కాపీ చేసిన ఫోల్డర్‌ను మరో కంప్యూటర్‌లో అదే స్థానంలో పెట్టి ఇన్‌స్టాల్ నొక్కితే, ఉన్న ఫైళ్లను గుర్తించి లోటున్నంతవరకే దింపుతుంది. మన హాస్టళ్లలో కుర్రాళ్లు చాలాకాలంగా చేస్తున్నది ఇదే. 2023లో స్టీమ్ తానే ఒకే నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి ఆటను పంపే సౌకర్యం కల్పించింది. ఆఫ్‌లైన్ మోడ్ కూడా ఉంది, అయితే దానికి ముందు ఆ యంత్రంలో ఇంటర్నెట్‌తో ఒకసారి లాగిన్ అయి ఉండాలి.

కలిసి ఆడటం

దీనిపై ఎక్కువ రాయవలసింది లేదు. కౌంటర్ స్ట్రైక్ 2కు స్టీమ్, వాలరెంట్‌కు రయట్ క్లయింట్ తప్పనిసరి. పోటీలో మోసాలను అడ్డుకోవాలన్నా, సమాన స్థాయివారిని జతచేయాలన్నా ఖాతా, సర్వర్ ఉండాల్సిందే. స్టార్‌డ్యూ వ్యాలీలో మాత్రం ఐపీ చిరునామా ఇచ్చి ఒకే ఇంట్లోని ఇద్దరు ఏ లాంచరూ లేకుండా కలిసి ఆడవచ్చు. ఊళ్లో రెండు యంత్రాల మధ్య అలా ఆడించి చూశాను, బాగుంది. దూరంగా ఉన్నవారిని ఆహ్వాన కోడ్‌తో పిలవాలంటే జీఓజీ ప్రతికి గెలాక్సీ కావాలి.

పాత యంత్రం, ఆట ఆయుష్షు

విండోస్ 7 ఉన్న ఒక పాత ల్యాప్‌టాప్‌ను ఈ పరీక్ష కోసం బయటికి తీశాను. 1999 నాటి హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3ను ఇన్‌స్టాలర్‌తో ఎక్కించాను, హాయిగా నడిచింది. ఇదే యంత్రంలో స్టీమ్ వాడాలంటే కుదరదు, ఎందుకంటే 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8లకు స్టీమ్ మద్దతు ఆగింది. ఎక్స్‌పీ, విస్టాలకు 2019 జనవరి 1న ఆగింది. లోపల బ్రౌజర్ ఇంజిన్‌ను నింపుకున్న ప్రోగ్రామును పాత విండోస్‌లలో కలకాలం నడపడం సాధ్యం కాదు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ యంత్రంపై చక్కగా నడవగల ఆట కూడా లాంచర్‌తోపాటు ఆగిపోవడం కొనుక్కున్న బీరువా తాళంచెవి దుకాణదారు దగ్గరే ఉండిపోవడం లాంటిది. లాంచర్లకూ ఆయుష్షు ఉంటుంది. బెథెస్డా లాంచర్ 2022 మేలో మూతపడి, దానిలోని ఆటలను స్టీమ్‌కు తరలించుకోవలసి వచ్చింది. ఆరిజిన్ స్థానంలో ఈఏ యాప్ వచ్చింది.

ఇన్‌స్టాలర్ ఉంటే చాలునన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. కాపీ చేయకుండా అడ్డుకునే సేఫ్‌డిస్క్ రక్షణతో వచ్చిన పాత డిస్కులకు సెటప్ ఫైలు ఉన్నా, 2015లో వచ్చిన విండోస్ 10 దానికి కావలసిన డ్రైవర్‌ను నడపనివ్వదు కాబట్టి ఆ ఆటలు డబ్బాలోనే ఉండిపోయాయి. యూబీసాఫ్ట్ వారి ది క్రూ అనే ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపినప్పుడు, డిస్కు కొన్నవారికి కూడా ఆట పోయింది. కాబట్టి నా పట్టికలో లాంచర్, ఇన్‌స్టాలర్ అన్న విభజనను తీసేసి, తెరిచిన ప్రతిసారీ ఎవరి అనుమతైనా అడుగుతుందా లేదా అన్న విభజన పెట్టాను.

చట్టం కూడా ఈ గీతను గుర్తించడం మొదలైంది. 2025 జనవరి 1 నుంచి అమలులో ఉన్న కాలిఫోర్నియా చట్టం ప్రకారం, అమ్మేది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతిని కొనేవారికి స్పష్టంగా చెప్పాలి. శాశ్వతంగా దింపుకుని ఇంటర్నెట్ లేకుండా వాడుకోగలిగేలా అమ్మితే ఆ హెచ్చరిక అక్కర్లేదు. నా హార్డ్ డిస్కులో ఉన్నవి రెండో రకానివే.

ఇప్పటి స్థితి

ఊరి కంప్యూటర్‌లో ఆటలన్నీ నడుస్తున్నాయి. కొనడంలో నా పద్ధతి కూడా మారింది. ఒంటరిగా ఆడే కథా ప్రధానమైన ఆటలను, ధర కొంచెం ఎక్కువైనా, ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఇచ్చే చోటే కొంటున్నాను. నెలనెలా మారుతూ, నలుగురితో ఆడే ఆటలకు స్టీమ్‌నే వాడుతున్నాను, ఆ విషయంలో దానికి సాటి వచ్చేది నాకు కనబడలేదు.

మిగిలిన పనులు రెండు ఉన్నాయి. సంకేతాలను సరిచూడటం, బట్లర్ ప్యాచ్‌ను పట్టించడం, లూడుసావితో సేవ్‌లను తిరిగి పెట్టడం అన్న మూడు పనులనూ ఒకే బ్యాచ్ ఫైలులోకి తెచ్చి, సందేశాలన్నీ తెలుగులో వచ్చేలా చేస్తున్నాను. రెండోది, ఒక్క డిస్కు మీదే అంతా ఆధారపడి ఉండటం మంచిది కాదు కాబట్టి, మొత్తాన్ని మరో డిస్కులోకి ఎక్కించి ఊళ్లోనే ఉంచాలి. సంక్రాంతికి వెళ్లేలోపు ఆ రెండో డిస్కులోని ఫైళ్ల సంకేతాలను మొదటిదానితో పోల్చి ముగించాలని చూస్తున్నాను.